రీలులో మిగిలిన పన్నెండో ఫోటో

ప్రత్యేక సంచికకు పాత ఫోటోలేమైనా ఉంటే ఇమ్మని మన సంఘం కార్యదర్శిగారు కబురు చేశారు. సర్వీసులో ఉన్న రోజుల్లో నా భుజానికి ఎప్పుడూ ఒక కెమెరా వ్రేలాడుతూ ఉండేదని పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది. అటక మీది ట్రంకుపెట్టె దింపించి, నేనూ మా ఆవిడా మూడు రోజులపాటు ఫోటోలు ఏరుతూ కూర్చున్నాము. అయిదారు వందల ఫోటోలు, రెండు బిస్కట్ డబ్బాల నిండా నెగటివులు. మధ్యలో మా ఆవిడ ఉన్నట్టుండి అడిగింది: "ఇన్ని తీశారు కదా, అసలు ఎందుకు తీశారండీ?"

వెంటనే జవాబు తోచలేదు. నేను కళాకారుణ్ణి కాను. పత్రికలకు పంపలేదు, పోటీలకు వెళ్ళలేదు. ధవళేశ్వరం ఇరిగేషన్ ఆఫీసు డ్రాయింగ్ బ్రాంచిలో పనిచేసిన డ్రాఫ్ట్స్‌మన్‌ను, అంతే. ఆవిడ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ వ్రాసినదే ఈ వ్యాసం. ఇందులో కొంత చరిత్ర, కొంత స్వానుభవం ఉన్నాయి.

పెన్షన్‌తో మొదలైన విద్య

పెన్షనర్లమైన మనకు సంతోషం కలిగించే సంగతితో మొదలుపెడతాను. ఫోటోగ్రఫీ ప్రపంచానికి అందింది ఒక పెన్షన్ ఉత్తర్వు ద్వారా! ఫ్రాన్సులో నియెప్స్, దగేర్ అనే ఇద్దరు కలిసి ఈ విద్య కోసం శ్రమించారు. నియెప్స్ 1833లో కన్నుమూశాడు. వెండిపూత పూసిన రాగిరేకు మీద బొమ్మను నిలిపే పద్ధతిని దగేర్ సాధించాడు. ఫ్రెంచి ప్రభుత్వం ఆ రహస్యాన్ని తీసుకొని, దగేర్‌కు ఏడాదికి 6,000 ఫ్రాంకులు, నియెప్స్ కుమారునికి 4,000 ఫ్రాంకులు జీవితాంతం పెన్షన్‌గా మంజూరు చేసింది. వారి తదనంతరం అందులో సగం భార్యలకు చెందాలని కూడా చట్టంలో వ్రాశారు. మన ఫ్యామిలీ పెన్షన్ వంటిదే అన్నమాట. 1839 ఆగస్టు 19న ఆ పద్ధతిని అందరికీ వెల్లడించారు. నేటికీ ఆ తేదీనే ప్రపంచ ఫోటోగ్రఫీ దినంగా జరుపుకుంటున్నారు.

ఈ విద్య మన దేశానికి త్వరగానే చేరింది. 1854లో బొంబాయిలో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడింది. కలకత్తా, మద్రాసు కూడా వెనుకబడలేదు. ఈ సంఘాల సభ్యుల్లో డాక్టర్లు, సైనికాధికారులు, సర్కారు ఉద్యోగులు చాలామంది ఉండేవారు. జీతం ఒకచోట, సరదా ఇంకొకచోట. ఈ జబ్బు మనతో మొదలైనది కాదు!

మన శాఖవాడే!

హైదరాబాదు నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా పేరుపొందిన రాజా దీన్‌దయాళ్ సంగతి చాలామంది విన్నదే. ఆయన మొదట ఏం చేసేవారో తెలుసా? మీరట్ దగ్గరి సర్ధానాలో 1844లో పుట్టి, రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు పబ్లిక్ వర్క్స్ ఆఫీసులో హెడ్ ఎస్టిమేటరుగా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. అంటే మన శాఖవాడే. సరిగ్గా నూరేళ్ళ తరువాత 1966లో నేను ఉద్యోగంలో చేరానని చెప్పుకొని మురిసిపోతుంటాను. పోలిక అంతవరకే సుమండీ!

ఉద్యోగం చేసుకుంటూనే 1874 ప్రాంతంలో ఆయన కెమెరా పట్టారు. పై అధికారులు ప్రోత్సహించారు. మధ్య భారతంలోని కోటలు, గుడుల ఫోటోలు పూర్తి చేయడానికి రెండేళ్ళు సెలవు పెట్టారు. ఆ తరువాత ఉద్యోగమే వదిలి సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఘోషా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. 1905లో కన్నుమూశారు. 2006లో మన తపాలాశాఖ ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

కెమెరాను సామాన్యుని చేతికి అందించిన జార్జి ఈస్ట్‌మన్ కూడా ఉద్యోగస్థుడే. అమెరికాలో రోచెస్టర్ పట్టణంలోని ఒక బ్యాంకులో లెక్కలు వ్రాసేవాడు. ఒక దూరప్రయాణానికి ఫోటో సామాను కొంటే అది మోపెడయింది. ప్రయాణం సాగలేదు గాని, ఇంత బరువెందుకన్న ఆలోచన మిగిలింది. 1888లో ఆయన తెచ్చిన కోడక్ కెమెరాలో నూరు ఫోటోలకు సరిపడా రీలు ఉండేది. అవి అయిపోగానే కెమెరానే ఫ్యాక్టరీకి పంపితే, ఫోటోలు కడిగి కొత్త రీలు వేసి తిప్పి పంపేవారు. 1900లో ఒక్క డాలరుకే బ్రౌనీ అనే డబ్బా కెమెరా వచ్చింది. పిల్లలూ గృహిణులూ ఫోటోలు తీయడం అక్కడ అప్పటినుంచే.

క్లిక్ త్రీ రోజులు

నా మొదటి కెమెరా అగ్ఫా క్లిక్ త్రీ. బరోడాలో తయారయ్యేది. మన తరంలో ఎందరికో అదే మొదటి కెమెరా. ఎండకు ఒక గుర్తు, మబ్బుకు ఒక గుర్తు, అంతకు మించి తిప్పవలసినది లేదు. 120 నంబరు రీలు వేస్తే పన్నెండు ఫోటోలు వచ్చేవి. వెనుక చిన్న ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ రీలు తిప్పాలి. ఊటీలోని ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి 'ఇందు' రీళ్ళు కూడా వాడాను. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు మూతపడింది.

రీలు ఒక ఖర్చు, కడిగించడం ఒక ఖర్చు, కాపీలు మరొక ఖర్చు. మా అమ్మాయి మొదటి పుట్టినరోజున తీసిన రీలును నేను బిగుతుగా చుట్టకపోవడంతో వెలుగు సోకి, సగం ఫోటోలు తెల్లగా వచ్చాయి. తప్పు నాదే. మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

ఇంత ఖర్చూ పెట్టుకొని ఎందుకు తీశాము? ట్రంకుపెట్టెలోని ఫోటోలను ముందు వేసుకొని కుప్పలుగా విడదీశాను. ఒక్కో కుప్పకు ఒక్కో కారణం కనిపించింది.

మొదటిది, దూరంగా ఉన్నవారికి చూపడానికి. బిడ్డ పుడితే ఊళ్ళో ఉన్న మా నాన్నగారికి కవరులో పెట్టి పంపేవాళ్ళం. రెండవది, మేమూ వెళ్ళామని చెప్పుకోవడానికి. ఎల్.టి.సి. మీద ఆగ్రా వెళ్ళి తాజ్‌మహల్ ముందు నిలబడని కుటుంబం మన ఆఫీసులో ఎన్ని? మూడవది, ఇతరులకు సాయంగా. ట్రాన్స్‌ఫర్ పార్టీలు, తోటి ఉద్యోగుల అమ్మాయిలకు పెళ్ళి సంబంధాల కోసం ఫోటోలు. "కాస్త మంచి చీర కట్టుకోమ్మా" అంటూ పెరట్లో బంతిపూల ముందు నిలబెట్టి తీసినవి చాలా ఉన్నాయి. అందులో నాలుగు పెళ్ళిళ్ళయ్యాయి కూడా!

నాలుగవది, ఎవరికీ చెప్పని కారణం. నాకు బిడియం ఎక్కువ. పెళ్ళిళ్ళకు వెళితే ఒక మూల కూర్చునేవాణ్ణి. కెమెరా చేతికి వచ్చాక పందిట్లో నాకూ ఒక పని దొరికింది. అందరూ పిలిచేవారు, అందరితో మాట్లాడేవాణ్ణి. నాలాంటివారు మరికొందరు ఉంటారనుకుంటాను.

అయిదవది భయం. ఉన్నది పోతుందేమోనన్న భయం. 1852లో పూర్తయిన కాటన్ దొరగారి పాత ఆనకట్టను, కొత్త బ్యారేజి పనులు సాగుతున్న రోజుల్లో ఆదివారాలు వెళ్ళి తీశాను. 1982కి బ్యారేజి పూర్తయింది. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు గోదావరి మెట్ల మీదికి ఎంతవరకు ఎక్కిందో తీశాను. కోనసీమలో ఉన్న మా అత్తవారికి చూపిద్దామన్నదే అప్పటి ఉద్దేశం. చాలా ఏళ్ళ తరువాత ఒక యువ ఇంజనీరు ఇంటికి వచ్చి, ఆ ఫోటోలో ఏ మెట్టు దాకా నీళ్ళున్నాయో లెక్కపెట్టుకొని, కాపీ తీసుకువెళ్ళారు.

1965లో ఫ్రాన్సులో బూర్డియూ అనే సామాజిక శాస్త్రవేత్త తన సహచరులతో కలిసి, సామాన్యులు ఫోటోలు ఎందుకు తీస్తారన్న విషయం మీద ఒక పుస్తకం తెచ్చాడు. పిల్లలున్న ఇళ్ళలోనే కెమెరాలు ఎక్కువని, కుటుంబ వేడుకలను పదిలపరచుకోవడమే దాని ముఖ్య ప్రయోజనమని అందులో తేల్చారు. మన ఇళ్ళ సంగతి చూసినా నిజమే. కాని ఆ కారణాల్లో ఇమడని ఫోటో ఒకటి నా పెట్టెలో ఉంది. అది ఆరవ కుప్ప. అందులో ఉన్నది ఆ ఒక్కటే.

పన్నెండో ఫోటో

1974లో మా ఈ.ఈ. గారికి బదిలీ అయింది. గ్రూపు ఫోటోలు, దండల ఫోటోలు కలిపి పదకొండు తీశాను. మరునాడు రీలు కడగడానికి ఇవ్వాలి. ఒకటి మిగిలింది. మిగిలిన ఒక్కదాని కోసం ఆగితే అందరూ ఫోటోలేవని అడుగుతారు, వదిలేస్తే దండుగ. పక్క బల్ల మీద మా ట్రేసర్ మిత్రుడు ట్రేసింగ్ క్లాత్ మీద ఇంకు గీతలు గీస్తున్నాడు. చెవిలో పెన్సిలు, మోచేతి దగ్గర టీ గ్లాసు. "ఏమోయ్" అని పిలిచాను. తలెత్తి, నన్ను చూసి పకపకా నవ్వాడు. నొక్కేశాను. రీలు అయిపోయింది.

దండల ఫోటోలకు కాపీలు వేయించాను, డబ్బులిచ్చినవారికి ఇచ్చాను. ఈ పన్నెండోదానికి కాపీ ఎవరూ అడగలేదు. అడగనిదానికి డబ్బులెందుకని నేనూ వేయించలేదు. అది నెగటివుగానే ఉండిపోయింది.

ఆ మిత్రుడు 1983లో సర్వీసులో ఉండగానే పోయాడు. అప్పటికి పిల్లవాడికి మూడేళ్ళు. మనలో చాలామంది దంపతులు కలిసి ఫోటో దిగేది జీవితంలో రెండే సార్లు: పెళ్ళిలో ఒకసారి, పెన్షన్ కాగితాల జాయింటు ఫోటోకు ఇంకొకసారి. ఆ రెండవది వాళ్ళకు దక్కనే లేదు. వాళ్ళింట్లో ఉన్నవి పెళ్ళిఫోటో ఒకటి, మూడవ వరుసలో సగం ముఖం కనిపించే ఆఫీసు గ్రూపు ఫోటో ఒకటి. దండ వేయడానికి ఆ సగం ముఖాన్నే పెద్దది చేయించారు. నేను ఆ కార్యానికి వెళ్ళాను, ఆ ఫోటోకు నమస్కారం పెట్టాను. నా బిస్కట్ డబ్బాలో ఏముందో నాకు గుర్తే రాలేదు.

ఇన్నేళ్ళకు ఈ సంచిక పుణ్యమా అని నెగటివులు వెలుతురుకు ఎత్తి చూస్తుంటే అది కనిపించింది. మనవడు దానిని స్కాన్ చేయించి, పెద్ద కాపీ తెచ్చి ఇచ్చాడు. నేనే స్వయంగా తీసుకువెళ్ళాను. ఆ చెల్లెమ్మకు ఇప్పుడు డెబ్బై దాటాయి. అద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది. "ఈయన ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారని చెబితే మావాడు నమ్మేవాడు కాదు అన్నయ్యగారూ" అన్నది. నలభై అయిదేళ్ళు దాటిన ఆ కుర్రవాడు ఏమీ మాట్లాడలేదు. ఫోటో తీసుకొని పక్కగదిలోకి వెళ్ళాడు.

నేను క్షమాపణ చెప్పుకోబోయాను. ఆమె చెప్పనివ్వలేదు. కాని అది నాకు తీరని లోటే. ఒక కాపీ ఖర్చుకు వెనుకాడి, ఒక పిల్లవానికి తండ్రి నవ్వును ఇన్నేళ్ళు అందకుండా చేశాను.

ఒక మనవి

మా ఆవిడ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. ఫోటో తీసేటప్పుడు ఉండే కారణం ఒకటి, దాచుకున్నాక అది పనికివచ్చే తీరు మరొకటి. మొదటిది మాత్రమే మనకు తెలుస్తుంది. రెండవది కాలం నిర్ణయిస్తుంది. అందుకే చిన్న ఫోటో, పనికిరాని ఫోటో అంటూ ఏదీ లేదు.

రీళ్ళ కాలం పోయింది. కోడక్ కంపెనీయే 2012లో దివాలా పిటిషను వేసింది. ఇప్పుడు మనవల ఫోన్లలో వేల ఫోటోలు. రీలు మిగలడమన్న మాటే లేదు. అయితే మన ఇళ్ళ అటకల మీద ఇంకా డబ్బాలున్నాయి. వాటిలో ఎవరున్నారో చెప్పగలిగినవాళ్ళం మనమే, మన తరువాత ఎవరూ చెప్పలేరు. నా పెట్టెలోనే నలభైకి పైగా ముఖాలకు నాకే పేర్లు తట్టలేదు.

కనుక మిత్రులందరికీ మనవి. ఈ సంచిక చదివి పక్కన పెట్టగానే మీ డబ్బా దింపించండి. ఒక్కొక్క ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతో, గట్టిగా నొక్కకుండా, పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాయండి. పెన్ను వద్దు, ఇంకు ఇవతలికి దిగవచ్చు. జిగురు పేజీల ఆల్బముల్లో ఉన్నవాటిని జాగ్రత్తగా తీయించండి, అవి ఫోటోలను పాడుచేస్తాయి. రంగుల ఫోటోలు వెలిసిపోకముందే పిల్లలచేత స్కాన్ చేయించండి. నెగటివులను పారవేయకండి. తోటి ఉద్యోగుల ఫోటో దొరికితే, వారి ఇంటికి ఒక కాపీ పంపండి. ఎవరూ అడగలేదని ఊరుకోవద్దు. అడగడానికి అలాంటిది ఒకటి ఉందని వారికి తెలియాలి కదా!

చివరగా ఇంకొక్క సంగతి. మూడు రోజులు వెతికినా నేను ఉన్న ఫోటోలు పట్టుమని పది కూడా దొరకలేదు. కెమెరా నా చేతిలోనే ఉండేది మరి. మా ఆవిడ అది గమనించి మనవడి ఫోను తీసుకొని, ట్రంకుపెట్టె ముందు, ఒళ్ళో నెగటివులతో కూర్చున్న నన్ను ఒక ఫోటో తీసింది. ఎందుకని నేను అడగలేదు.