పుట్టగొడుగు అర మారింది

పుట్టగొడుగుల మీద ఒక పుస్తకం 1995లో డ్యూయీ పద్ధతి పాటించే పెద్ద గ్రంథాలయానికి చేరి ఉంటే, దాని వెన్నుమీది చీటీలో 589.222 అని రాసేవారు. అదే పుస్తకం కొత్త ముద్రణ మూడేళ్ల తర్వాత వస్తే 579.6 అని రాయాల్సి వచ్చేది. మొదటి అంకె వృక్షశాస్త్రానికి కేటాయించిన 580ల్లోది. రెండోది సూక్ష్మజీవులతో పాటు శిలీంధ్రాలకు, శైవలాలకు కొత్తగా కేటాయించిన చోటు. ఈ మధ్యలో పుట్టగొడుగుకు ఏమీ కాలేదు. 1996లో డ్యూయీ దశాంశ వర్గీకరణ 21వ ముద్రణ వెలువడింది, అంతే. జీవశాస్త్రాల పట్టికను అందులో పునాదులతో సహా తవ్వి మళ్లీ కట్టారు. శిలీంధ్రాలు మొక్కలు కావని శాస్త్రజ్ఞులు అప్పటికి పాతికేళ్లకు పైగా చెబుతూనే ఉన్నారు. మరి గ్రంథాలయం అంత ఆలస్యంగా ఎందుకు మేల్కొంది? ఈ ప్రశ్నలో ఒక నింద ఉంది. అందులో కొంత న్యాయమే. చాలా భాగం మాత్రం, గ్రంథాలయం జీవుల్ని వర్గీకరిస్తుందని అనుకోవడం వల్ల పుట్టింది. అది వర్గీకరించేది జీవుల గురించి మనుషులు రాసినవాటిని. ఈ తేడాను పట్టుకుంటే ఆ ఆలస్యంలో ఎంత తప్పో, ఎంత ఒప్పో తేల్చవచ్చు.

మెల్విల్ డ్యూయీ 1876లో, ఇంకా పాతికేళ్లు నిండకుండానే, 44 పేజీల చిన్న పుస్తకంగా తన పద్ధతిని అచ్చు వేయించాడు. ప్రకృతి శాస్త్రాలకు 500లు ఇచ్చి, అందులో 580 మొక్కలకు, 590 జంతువులకు కేటాయించాడు. లినేయస్ నాటి నుంచి వస్తున్న విభజన అదే: కదిలేది జంతువు, కదలనిది మొక్క. డ్యూయీకి పదేళ్ల ముందే, 1866లో, జర్మనీలో ఎర్నెస్ట్ హెకెల్ ఈ రెంటికీ ఒదగని సూక్ష్మజీవుల కోసం ప్రొటిస్టా అనే మూడో రాజ్యాన్ని ప్రతిపాదించాడు. ఆ సంగతి డ్యూయీ పట్టికకు ఎక్కలేదు. ఎక్కకపోవడంలో వింతేమీ లేదు. కళాశాలల్లో శాఖలు రెండు, పాఠ్యపుస్తకాలు రెండు రకాలు, పరీక్షలు రెండు. మన ఇంటర్ బైపీసీ విద్యార్థి ఈ శతాబ్దంలో కూడా బాక్టీరియానీ వైరస్‌లనీ వృక్షశాస్త్రం పేపర్లోనే చదివాడంటే ఆ విభజన ఎంత మొండిదో తెలుస్తుంది. పువ్వులు పూయక, వేరూ కాండమూ లేక మిగిలిన శిలీంధ్రాలు, శైవలాలు, బాక్టీరియా అన్నీ 580ల చివర 589లో కుప్పపడ్డాయి.

1885లో వచ్చిన రెండో ముద్రణలో డ్యూయీ గ్రంథపాలకులకు ఒక హామీ ఇచ్చాడు. పట్టిక పెరుగుతుందే తప్ప ఇచ్చిన అంకెలకు అర్థం మారదని దాని సారాంశం. అది లేకపోతే ఆ పద్ధతి బతికేది కాదు. వేల పుస్తకాల వెన్నుమీద చీటీలు అంటించి, ప్రతిదానికీ కేటలాగు కార్డులు రాసుకున్న గ్రంథపాలకుణ్ణి రేపు అవన్నీ పీకి మళ్లీ అంటించమంటే ఆ పద్ధతికే నమస్కారం పెట్టేస్తాడు. శాస్త్రం మాటకు, ఈ హామీకి పొత్తు కుదరకపోవడం అక్కడే మొదలైంది.

1969లో రాబర్ట్ విటేకర్ ఐదు రాజ్యాల పద్ధతిని ప్రతిపాదించి శిలీంధ్రాలకు ప్రత్యేక రాజ్యం ఇచ్చాడు. అప్పుడే అరలు మార్చి ఉండాల్సిందని ఈనాడు అనడం సులువు. మార్చి ఉంటే ఏమయ్యేదో చూద్దాం. విటేకర్ బాక్టీరియా అన్నిటినీ మొనీరా అనే ఒకే రాజ్యంలో ఉంచాడు. ఎనిమిదేళ్లకే, 1977లో, కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోముల్లోని ఆర్‌ఎన్‌ఏను పోల్చి, మీథేన్ వాయువును పుట్టించే కొన్ని సూక్ష్మజీవులు మామూలు బాక్టీరియాకు ఎంతో దూరమని తేల్చారు. 1990 నాటికి వోస్ బృందం రాజ్యాల కన్నా పైన మూడు డొమైన్లను నిలబెట్టింది. మొనీరా చీలిపోయింది. 1993లో వచ్చిన ప్రొటీన్ల పోలికలు శిలీంధ్రాలు మొక్కల కన్నా జంతువులకే దగ్గర చుట్టాలని చూపాయి. వంశవృక్షాన్ని తు.చ. తప్పకుండా పాటించే గ్రంథాలయం ఒక తరం తిరక్కుండా పుట్టగొడుగు పుస్తకాన్ని వృక్షశాస్త్రం నుంచి ప్రత్యేక రాజ్యానికి, అక్కణ్ణుంచి జంతుశాస్త్రం పొరుగుకి మోసుకెళ్లాల్సి వచ్చేది. సాగు చేద్దామని పుట్టగొడుగుల పుస్తకం కోసం వచ్చిన పాఠకుడికి ఈ తిరుగుడు వల్ల ఒరిగేదేమిటి?

1996లో ఆ పట్టికను తిరగరాసినవాళ్లు ఏం చేశారన్నది ఇక్కడ గట్టి సాక్ష్యం. పాత హామీని పక్కన పెట్టి, 570లను మొత్తంగా మార్చే స్వేచ్ఛ వాళ్లకు దొరికింది. అయినా శిలీంధ్రాలకు సొంత రాజ్యం కట్టివ్వలేదు. బాక్టీరియా, వైరస్‌లు, ప్రొటోజోవా, శిలీంధ్రాలు, శైవలాలు అన్నిటినీ కలిపి 579లో పెట్టారు. ఏ వంశవృక్షంలోనూ ఇలాంటి కుటుంబం లేదు. ఒకే ప్రయోగశాలలో, ఒకే సూక్ష్మదర్శిని కింద చూసే జీవులన్న పోలిక తప్ప వీటి మధ్య పొత్తు లేదు. కానీ వీటి మీద పుస్తకాలు రాసేవాళ్లు, చదివేవాళ్లు చాలావరకు ఒకటే. ఇంగ్లండ్‌కు చెందిన గ్రంథపాలకుడు ఇ. విండమ్ హ్యూమ్ 1911లోనే ఈ సూత్రాన్ని చెప్పాడు: వర్గాలను ప్రకృతిలోంచి ఊహించకూడదు, ఉన్న పుస్తకాల్లోంచి తీయాలి. సముద్రపు ఆవుల సంగతీ ఇంతే. అవి ఏనుగుకు దగ్గర బంధువులు. డ్యూయీలో ఏనుగు 599.67లో ఉంటే, సముద్రపు ఆవు తిమింగిలాలతో కలిసి 599.5లో ఉంది. సముద్ర క్షీరదాల పుస్తకాలు వెతికేవాడు ఆ రెంటినీ ఒక్కచోటే కోరతాడు.

ఆ మార్పుకి ఖర్చు మాత్రం తక్కువేమీ కాలేదు. జన్యుశాస్త్రం 575.1 నుంచి 576.5కి, జీవపరిణామం 575 నుంచి 576.8కి, జీవావరణం 574.5 నుంచి 577కి వెళ్లాయి. 574 ఖాళీ అయింది, 589 ఖాళీ అయింది. ఇంతవరకూ ఫర్వాలేదు. ఖాళీ అయిన 575ను మాత్రం మొక్కల భాగాలకు, వాటి శరీరధర్మాలకు వెంటనే ఇచ్చేశారు. పాత పుస్తకాల చీటీలు మార్చే స్తోమత లేని గ్రంథాలయంలో దీని ఫలితం చూడండి: డార్విన్ మీద పాత పుస్తకం పక్కనే ఆకుల నిర్మాణం మీద కొత్త పుస్తకం, రెంటికీ 575. ఖాళీ అయిన అంకెను ఒక తరం పాటు ముట్టుకోకూడదని డ్యూయీ సంపాదకులు తామే పెట్టుకున్న నియమం ఇక్కడ పనిచేయలేదు. నా దృష్టిలో ఆ సవరణలో అసలైన పొరపాటు ఇదే. శాస్త్రానికి వెనకబడటం కన్నా పాఠకుణ్ణి తికమక పెట్టడం పెద్ద తప్పు.

ఆలస్యాన్ని సమర్థిస్తే అది ప్రతి పాత భావాన్నీ కాపాడే సాకు కాదా అని అడగవచ్చు. అడగాలి కూడా. 20వ ముద్రణ వరకూ 572 మానవ జాతులకు, 573 భౌతిక మానవశాస్త్రానికి ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దపు జాతి విభజనలకు జీవశాస్త్రంలో ప్రత్యేక గది ఇచ్చి, అవి స్థిరమైన సత్యాలన్నట్టు నూరేళ్లకు పైగా నిలిపిన ఏర్పాటు అది. పుట్టగొడుగు తప్పు అరలో ఉంటే పుట్టగొడుగుకు నష్టం లేదు. మనుషుల సంగతి వేరు. తప్పు పేరు తగిలించిన అర మనిషి మీద ముద్ర వేస్తుంది. ఇక్కడ అంకెల స్థిరత్వం వాదన నిలవదు. 1996లో ఆ రెండు చోట్లనూ ఖాళీ చేసి, మనిషిని క్షీరదాల చివర, వానరాల పక్కన 599.9లో కూర్చోబెట్టారు. డ్యూయీ మొదటి పుస్తకానికి ఐదేళ్ల ముందే, 1871లో, డార్విన్ మనిషి పుట్టుక మీద రాసిన గ్రంథం అచ్చయింది. పాఠకుడికి దారి చూపడానికి జరిగే ఆలస్యాన్ని ఒప్పుకుంటాను. ఈ ఆలస్యానికి ఆ సాకు కూడా లేదు.

అంకెను ఇంత బిగుతుగా కట్టకుండా ఉంటే ఈ తిప్పలు తగ్గేవి కదా అన్న ఆలోచన మద్రాసులో పుట్టింది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్ 1933లో కోలన్ వర్గీకరణను ప్రచురించాడు. వేపాకులో శ్వాసక్రియ మీద పుస్తకం ఉందనుకుందాం. ఏ మొక్క, ఏ భాగం, ఏ సమస్య అన్నవి విడివిడి ముక్కలు. వాటిని కోలన్ వంటి గుర్తులతో కలుపుతారు. వేప ఏ కుటుంబానిదన్న లెక్క మారితే ఆ ఒక్క ముక్క మార్చితే చాలు, శ్వాసక్రియ చెదరదు. కోలన్ పద్ధతి భారతదేశం దాటి పెద్దగా వ్యాపించలేదు గానీ ఈ ఆలోచన దారి మార్చుకుని డ్యూయీలోకి వెళ్లింది. పాత డ్యూయీలో మొక్కల శరీరధర్మం 581.1లో, జంతువులది 591.1లో ఉండేవి. కొత్త పట్టికలో ముందు ప్రక్రియ వస్తుంది, ఏ జీవిలో అన్నది తర్వాత. కణం, శ్వాస, జన్యువు మీద జరిగే పరిశోధన రాజ్యాల సరిహద్దుల్ని ఏనాడో దాటేసింది కాబట్టి ఆ మార్పు సరైనదే.

కంప్యూటర్ వచ్చాక ఇదంతా ఎందుకు, పేరు కొడితే పుస్తకం దొరుకుతుంది కదా అనేవారికి న్యూమోసిస్టిస్ కథ చెప్పాలి. ఎయిడ్స్ తొలి కేసుల గురించి 1981లో అమెరికాలో వచ్చిన నివేదిక న్యూమోసిస్టిస్ కారినీ వల్ల వచ్చే న్యుమోనియా గురించి రాసింది. అప్పట్లో అది ప్రొటోజోవా అన్నది ఎక్కువమంది అభిప్రాయం. 1988లో ఆర్‌ఎన్‌ఏ పరీక్షలు దాన్ని శిలీంధ్రంగా తేల్చాయి. మనుషులకు సోకే జాతికి తర్వాత జిరోవెసీ అన్న పేరు స్థిరపడింది. ఈ కొత్త పేరు ఒక్కటే కొట్టి ఊరుకునే యువ వైద్యుడికి ఎయిడ్స్ చరిత్రలోని తొలి పేజీ కనబడదు. పాత పేరు నుంచి కొత్త పేరుకు ఎవరో ఒక మనిషి దారి వేసి ఉంటేనే కనబడుతుంది. ఏటా తన పదజాలాన్ని సవరించుకునే అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం చేసే పనిలో పెద్ద భాగం ఇదే. కొత్త పేరును ఎక్కించడం తేలిక, పాత పేరును పారేయకుండా కట్టి ఉంచడమే కష్టం.

పూల మొక్కల్లో ఈ సర్దుబాటు ఇంకా నడుస్తూనే ఉంది. ఏకదళ బీజాలు, ద్విదళ బీజాలు అన్న విభజన బళ్లో అందరం చదివిందే. ద్విదళ బీజాలు ఒకే వంశం కాదని డీఎన్‌ఏ పరిశోధన తేల్చింది. దానికి తగ్గట్టు డ్యూయీ సంపాదకులు 583, 584 పట్టికలను సవరించారు. మిరియాలు, సీతాఫలం ఏకదళ బీజాల పక్కన 584లోకి వచ్చి, వరికీ కొబ్బరికీ పొరుగయ్యాయి. వృక్షశాస్త్రజ్ఞులు బెంథామ్, హుకర్ ఒకే కుటుంబంలో ఉంచిన కలువ, తామర కూడా విడిపోయాయి. కలువ 584కి వెళ్లింది, తామర 583లో ఉండిపోయింది. అయితే చెరువులో పెరిగే ఈ రెంటినీ కలిపి నీటి మొక్కలుగా రాసిన పుస్తకానికి మాత్రం అంకె 581.76. ఈ సవరణలో దాన్ని కదపాల్సిన అవసరం రాలేదు.