బీజింగు నగరమున హేమంతము

ధనుర్మాసపు చలి యనగా మనకు వేకువను కప్పుకొను కంబళియు, గుడిలో పంచిపెట్టు వేడి పొంగలియు జ్ఞప్తికి వచ్చును. ప్రొద్దెక్కగానే ఎండ కాయును. చలి సంగతి మరచిపోవుదుము. చలికాలమంతయు చెరువు నీరు రాయియై యుండు నగరమున జనులు కాలము గడపుట యెట్లు? గడపుటయే కాక, ఆ ఋతువునకై ఎదురు చూచుట యెట్లు అలవాటయ్యెను? దీనికి సమాధానము బీజింగు నగర చరిత్రలో కొంత దొరకును. మన పెద్దలు పెకింగు అని పిలుచుచు వచ్చిన నగర మిదియే.

ఈ నగరము ఉత్తరముగా 40 డిగ్రీల అక్షాంశముపై నున్నది. సైబీరియా నుండి దిగివచ్చు గాలి దీనిని తాకును. జనవరి నెల సగటు ఉష్ణోగ్రత నీరు గడ్డకట్టు మట్టమునకు దిగువనే యుండును. అయినను మంచు కురియుట తక్కువ. గాలి మిక్కిలి పొడిగా నుండును. ఈ పొడిదనమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. ముందు దానితో పని యున్నది.

డిసెంబరు 22 ప్రాంతమున, పగలు అత్యల్పమైన దినము మొదలుకొని, చీనీయులు తొమ్మిది తొమ్మిదులు, అనగా 81 దినములు, చలికాలముగా లెక్కింతురు. నగర విశేషములను వర్ణించుచు 1635లో వెలువడిన గ్రంథమున ఒక ముచ్చటైన ఆచారము చెప్పబడినది. 81 రేకులు గల పూలకొమ్మ నొకదానిని కాగితముపై గీచి గోడకు తగిలింతురు. దినమున కొక్క రేకునకు రంగు వేయుదురు. కొమ్మ యంతయు రంగు దేరిననాటికి చలి వెడలిపోవును. పంచాంగము చూచుటకన్న ఇది హాయి కాదా!

గడ్డకట్టిన నీరు ఆ నగరమున కేవలము వినోదస్థలము కాదు. మొదట అది బాట. మింగు, చింగు వంశముల కాలమున కోట అగడ్తలు గడ్డకట్టగానే ఇనుప పట్టీలు దిగగొట్టిన బల్లబండ్లపై మనుష్యులను లాగుకొనిపోవుట కొందరికి జీవనోపాధిగా నుండెను. మంచూ జాతివారికి మంచుగడ్డపై జారుట యుద్ధవిద్యలో భాగము. వారి నాయకుడు నుర్హాచి 1625లో తైజీ నది గడ్డకట్టినపుడు దానిపై సైనికులచేత బంతి యాడించెను. స్త్రీలకును పరుగుపందెములు పెట్టించెను. 1644లో మంచూలు పెకింగును ఆక్రమించుకొనిరి. ఆ విద్యయు వారి వెంట వచ్చెను.

చియెన్‌లుంగ్ చక్రవర్తి కాలమున అది రాజోత్సవమయ్యెను. ఎనిమిది సేనావిభాగముల నుండి విభాగమునకు 200 మంది చొప్పున 1,600 మందిని ఏరి, రాజప్రాసాదమునకు పడమరనున్న సరస్సుపై సాధన చేయించెడివారు. చక్రవర్తి జారుడుబండిలో కూర్చుండి తిలకించుచుండగా కొందరు పరుగు పందెము వేయుదురు. కొందరు బంతికై పెనగులాడుదురు. మరికొందరు సర్పాకారముగా బారులు తీరి జారుచు, పైన వ్రేలాడు బంతిని బాణముతో కొట్టుదురు. ఈ దృశ్యమును గూర్చి చక్రవర్తి స్వయముగా 1745లో ఒక దీర్ఘ రచన చేసెను. ఆస్థాన చిత్రకారులు గీచిన పటము ప్రాసాద ప్రదర్శనశాలలో నేటికిని గలదు. అందులో అంతయు రంగురంగుల జెండాలే. అదే ఋతువున గడ్డలను కోసి, వేసవికై నేలమాళిగలలో పేర్చిన కూలివాండ్రు మాత్రము ఆ పటమున కానరారు. ప్రాసాదము లోపలి అయిదు మాళిగలకే 25,000 గడ్డలు కావలసియుండెను. వేసవిలో రాజకుటుంబము సేవించిన చల్లని ఫలరసము వెనుక ఈ చేతుల శ్రమ యున్నదని మేము తలంతుము. ఆ మాళిగలు నేడు సందర్శకులకు ఫలహారశాల యైనవి.

ఆ సరస్సులో ఉత్తర భాగమగు బేహై 1925లో సార్వజనిక ఉద్యానమయ్యెను. ఒకనాడు సైనికులు జారిన చోట పిదప విద్యార్థులు, గుమస్తాలు, పిల్లలు జారసాగిరి. కాలికి పట్టీలు కట్టుకొనుటకు జంకువారికై కుర్చీలకే ఇనుపపట్టీలు బిగించి యిత్తురు. కూర్చుండి రెండు కడ్డీలతో త్రోసికొని పోవలెను.

ఇక భోజనము. చలికి తగిన వంటకములలో అగ్రస్థానము మాంసపు కుండది. నడుమ పొగగొట్టము, అందు బొగ్గునిప్పు, చుట్టును కాగుచున్న నీరు. గొర్రె మాంసమును మంచుగడ్డపై నుంచి గట్టిపరచి, కాగితము వలె పలుచగా కోసి, ఎవరికివారే కాగు నీటిలో ఒక్క క్షణము ముంచి, నువ్వుల ముద్దలో అద్దుకొని తిందురు. కుబ్లాయిఖాను సైనికులు తొందరలో దీనిని కనిపెట్టిరని ఒక కథ. మేము దానిని నమ్మజాలము. పదమూడవ శతాబ్దికి చెందిన దక్షిణ చీనా గ్రంథమొకటి, మంచు కురియుచున్న నాడు కుందేటి మాంసమును ఇట్లే ముంచుకొని తినిన సంగతిని వర్ణించుచున్నది. పెకింగున దీనికి పేరు తెచ్చినవారు హుయీ ముస్లిములు. వారిలో ఒకడు 1903లో అంగడి వీధిలో పెట్టిన చిన్న దుకాణమే పిదప దుంగ్‌లైషున్ అను ప్రసిద్ధ భోజనశాల యయ్యెను.

వీధిలో మరొక వాసన వచ్చును: చెస్ట్‌నట్ గింజలు వేగుచున్న వాసన. కాల్చిన పనసగింజను పోలిన కమ్మని పప్పు గల గింజ యిది. మనవారు వేరుసెనగలను వేయించినట్లు, పెద్ద ఇనుప మూకుడులో ముతక ఇసుకతో, కొంత చక్కెరతో కలియబెట్టి వేయింతురు. పొట్లము చేతిలో నున్నంతసేపు అరచేతికి వెచ్చదనము. పిమ్మట నోటికి రుచి.

ఈ గింజలకు సంబంధించి లూ యూ అను కవి (1125–1210) వ్రాసియుంచిన ఉదంతము మా మనస్సును మిక్కిలి కలచినది. సుంగు చక్రవర్తుల రాజధాని కైఫెంగులో లీ హె అనువాని వేపుడు గింజలు పేరు మోసినవి. ఇతరులు ఎన్ని విధముల అనుకరించినను ఆ రుచి వారికి రాలేదు. 1127లో జుర్చెన్ జాతివారు కైఫెంగును పట్టుకొని, చక్రవర్తిని, పరివారమును, వేలకొలది జనులను ఉత్తరమునకు తరలించుకొనిపోయిరి. సుంగు ప్రభుత్వము దక్షిణమున నిలదొక్కుకొనెను. కొన్నియేండ్లకు దాని రాయబారులు శత్రురాజ్యమున నున్న యెన్‌షాన్ నగరమునకు వచ్చిరి. నేటి బీజింగే అది. అకస్మాత్తుగా ఇద్దరు మనుష్యులు వారి యెదుటికి వచ్చి, వేయించిన గింజలు తలా పది పొట్లములు కానుక పెట్టిరి. సేవకులకు సైతము తలా ఒక పొట్లము ఇచ్చిరి. తాను లీ హె నని మాత్రము చెప్పి, కన్నీరు తుడుచుకొనుచు వెడలిపోయిరి. అంతే. తిరిగి పోలేని ఊరి కబురు అడుగుటకైనను వారికి నోరు రాలేదు కాబోలు.

తీపి మాటకు వచ్చితిమి గనుక, పిల్లలు కర్రకు గ్రుచ్చుకొని తిరుగు ఎర్రని పండ్లను విడువరాదు. షాన్‌జా యను ఈ పండు పులుపున మన రేగుపండునకు అన్నగారు. దీనిని చక్కెర పాకములో ముంచి తీయగా, పైపూత అద్దము వలె గట్టిపడును. తేమ గాలిలో ఆ పూత జిగటయై కారును. పొడి చలిలో పెళపెళలాడును. ఇందాక చెప్పిన పొడిదనమునకు ప్రయోజన మిది. ఆ చక్కెర వెనుక మన దేశమును గలదు. మన ధాన్యకటకమును దర్శించిన హ్యూన్‌త్సాంగ్ 645లో స్వదేశము చేరెను. మరి రెండేండ్లకు, 647లో, తాంగ్ చక్రవర్తి తైజుంగ్ చెరకురసము కాచు పద్ధతి నేర్చుకొని రమ్మని మగధకు మనుష్యులను పంపెనని వారి చరిత్ర గ్రంథము చెప్పుచున్నది. తరువాత ఉత్తరాదివారు తెల్లని చక్కెరను ‘చీనీ’ యనుట గమనింపదగినది. ఇచ్చినవారే పేరు మార్చి పుచ్చుకొనిరి!

వారి పండ్రెండవ నెల ఎనిమిదవనాడు ఇంటింట ధాన్యములు, పప్పులు, ఎండుఫలములు కలిపి జావ కాచుదురు. బోధికి ముందు సుజాత సిద్ధార్థునకు పాయస మొసగిన కథకు ఆ దినమును వారు ముడిపెట్టిరి. 1744లో బౌద్ధవిహారముగా మారిన యుంగ్‌హోగుంగ్‌లో రాజాజ్ఞపై ఈ జావ కాచిన బ్రహ్మాండమైన రాగి కాగు నేటికిని చూడవచ్చును.

సామాన్యుని చలికాలము మాత్రము క్యాబేజీతో గడచెను. 1950 తరువాత కొన్ని దశాబ్దములు నవంబరులో ప్రభుత్వము చౌకగా అమ్మిన పొడుగు క్యాబేజీలను కుటుంబములు వందల కిలోలు కొని, గోడవెంట పేర్చి, పాత బొంతలు కప్పి వసంతము వరకు వండుకొనెడివి. 1989లో పంట అమితముగా పండగా, కొనుట దేశభక్తి యని ప్రచారము చేయవలసివచ్చెను. ఇప్పుడు ఏడాది పొడుగునను కాయగూరలు దొరకును. ఆ పాత బొంతల వాసన తలచుకొను వృద్ధులు నగరమున ఇంకను గలరు.

జావ త్రాగిన నాడే గృహిణులు వెల్లుల్లి రెబ్బలు ఒలిచి సిర్కాలో వేసి మూత బిగింతురు. చలికి అవి మెల్లగా పచ్చవారును, మరకత మణుల వలె. కొత్త సంవత్సరపు రాత్రి మూత తీసి, ఉడికిన మాంసపు కుడుములతో నంజుకొందురు.