"పిల్లని వదిలేసి" అన్న మాట

"పిల్లని వదిలేసి ఆఫీసుకి వెళ్తున్నా" అని తల్లులు అనడం మీరూ వినే ఉంటారు. తండ్రులు మాత్రం ఉత్తినే "ఆఫీసుకి వెళ్తున్నా" అంటారు. ఇద్దరూ దాటేది ఒకే గుమ్మం, ఇంట్లో ఉన్నదీ ఒకే పాప. మరి ఈ "వదిలేసి" ఎప్పుడొచ్చి పడిందా అని కొన్నాళ్ళుగా పాత సంగతులు చదువుతున్నాను.

నాట్లకీ కలుపుతీతకీ వెళ్ళే ఆడవాళ్ళు చంటిపిల్లల్ని వెంటే తీసుకెళ్ళేవాళ్ళు. గట్టుమీది చెట్టుకి పాతచీరతో ఉయ్యాల కట్టి, ఏడుపు వినిపిస్తే వచ్చి పాలిచ్చి మళ్ళీ మడిలోకి దిగేవాళ్ళు. మగ్గం ఉన్న ఇళ్ళల్లో తల్లి కండెలు చుడుతుంటే పిల్ల పక్కనే పాకుతుండేది. అదేదో స్వర్గమని నేననను. ఎండా, చీమలూ, పురుగూ పుట్రా అన్నీ ఉండేవి. కాకపోతే పని దగ్గరే పిల్లా ఉండేది.

1850ల్లో బొంబాయిలో బట్టల మిల్లులు మొదలయ్యాయి. అక్కడా ఆడవాళ్ళకి ఎక్కువగా దొరికింది నూలు చుట్టే పనే. ఇంట్లో చేసిన పనే, కానీ ఇప్పుడు గేటు లోపల. పిల్ల గేటు బయట. పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆ పసివాళ్ళు ఏడవకుండా పడుకోవాలని నల్లమందు కలిపిన చిన్న మాత్రలు వేసేవాళ్ళు. వాటి పేరు "బాల గోళీలు". 1920ల్లో ప్రభుత్వం ఒక లేడీ డాక్టర్ చేత విచారణ చేయిస్తే, మిల్లు కార్మికుల పిల్లల్లో ఈ అలవాటు ఎంతగా పాకిపోయిందో బయటపడింది. చదువుతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. తల్లుల అజ్ఞానం అని తేల్చేసిన పెద్దలు అప్పుడూ ఉన్నారు. పిల్లని చూసే మనిషి లేక, కూలి మానుకునే వీలు లేక వేసిన మాత్ర అది. అందులో అజ్ఞానం ఎంతో, గతిలేనితనం ఎంతో మీరే ఆలోచించండి.

ప్రసవానికి ముందు ఆరు వారాలు, తర్వాత ఆరు వారాలు సెలవు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు వచ్చినప్పుడు అంబేద్కర్ గారు గట్టిగా సమర్థించారు. తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలు కాబట్టి ఆ ఖర్చులో ప్రభుత్వమూ పాలుపంచుకోవాలని ఆయన వాదన. మరుసటి ఏడాది చట్టమైంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1934లో చట్టం చేశారు. దేశమంతటికీ కలిపి చట్టం రావడానికి 1961 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోగా మిల్లుల్లో ఆడవాళ్ళ వాటా తగ్గుతూ పోయింది. రాత్రి షిఫ్టుల నిషేధంతో పాటు ఈ ఖర్చులూ ఒక కారణమని చరిత్రకారులు అంటారు.

ఆ 1961 చట్టంలోనే ఇంకో సంగతుంది. బిడ్డకి 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకి రెండుసార్లు విరామం ఇవ్వాలి. మా ఆడపడుచు కూతురికి ఈ సంగతి చెబితే, "అడిగితే ఏమనుకుంటారో అత్తయ్యా" అంది. ఎంబీఏ చదివిన పిల్ల!

నాకు అన్నిటికంటే నచ్చింది మీరా మహదేవన్ గారి కథ. 1969లో గాంధీగారి శతజయంతికి ఢిల్లీ రాజ్‌ఘాట్ దగ్గర ప్రదర్శనశాల కడుతున్నారు. ఇటుకలు మోసే తల్లుల పసిపిల్లలు ఆ దుమ్ములో, ఎండలో పడి ఉండటం ఆవిడ చూశారు. అక్కడే ఒక గుడారం వేయించి పిల్లల్ని చూసుకునే ఏర్పాటు చేశారు. మొబైల్ క్రెషెస్ అలా పుట్టింది. పని ఎటు పోతే ఉయ్యాల అటు వెళ్ళడం, మన గట్టుమీది చెట్టు పద్ధతే. పాలమూరు నుంచి తట్టాబుట్టా సర్దుకుని ఊళ్ళు పట్టుకుని తిరిగే కూలీలు ఉన్న మనకి దాని విలువ వేరే చెప్పక్కర్లేదు.

1975లో అంగన్‌వాడీలు వచ్చాయి. మేలే జరిగింది, కానీ మామూలుగా అవి తల్లి పని ముగిసేదాకా తెరిచి ఉండవు.

2017లో సెలవు 26 వారాలైంది. 50 మంది పైగా పనిచేసే చోట క్రెష్ ఉండాలన్నారు. మన ఇళ్ళల్లో గిన్నెలు తోమే అమ్మాయికి ఇవేవీ అందవు. మా వీధిలో ఒకామె మూడేళ్ళ పాపని మెట్ల మీద కూర్చోబెట్టి ఇంటింటికీ పనికి వెళ్తుంది. మధ్యలో రెండుసార్లు వచ్చి చూసుకుపోతుంది. ఆమె కూడా "వదిలేసి వచ్చానమ్మా" అనే అంటుంది.

2017 సవరణ మళ్ళీ చదివాను. తల్లిని రోజుకి నాలుగుసార్లు క్రెష్‌కి వెళ్ళనివ్వాలని రాశారు. తండ్రి ఎన్నిసార్లు వెళ్ళొచ్చో వెతికాను. అందులో ఆయన ప్రస్తావనే లేదు.