కోరంగి వాళ్ళూ, గేబ్రియల్ దీవీ

మారిషస్ అనగానే మనలో చాలామందికి కళ్ళముందు మెదిలేది సినిమా పాట. నీలం నీళ్ళు, పంచదార లాంటి ఇసక, హీరో హీరోయిన్లు. (పంచదార అన్న మాట ఊరికే వాడలేదు, దాని సంగతి తరవాత చెప్తాను.) కాస్త పెద్దవాళ్ళకయితే 1990లో అక్కడ జరిగిన మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు గుర్తుండవచ్చు. హిందూ మహాసముద్రం నడిమధ్యన తెలుగు మహాసభలు పెట్టేటంత మంది మనవాళ్ళు ఎలా వచ్చి పడ్డారన్న ప్రశ్న మాత్రం మా స్కూల్లో ఎవరూ వేసినట్టు గుర్తు లేదు. సోషల్ పాఠాల్లో గాంధీగారి దక్షిణాఫ్రికా ఉండేది, అంతే.

2023 డిసెంబరు సెలవుల్లో మేము కుటుంబంతో మారిషస్ వెళ్ళాం. మేముండేది టెక్సస్ లోని కాపెల్. విమానాశ్రయం మాకు పెరటి గోడ అవతలే ఉన్నట్టుంటుంది గానీ, అక్కణ్ణించి మారిషస్ చేరడానికి మాత్రం రోజున్నర పట్టింది. అక్కడికి వెళ్ళిన వాళ్ళందరూ చేసే పనే మేమూ చేశాం: ఉత్తరాన గ్రాండ్ బే అనే ఊళ్ళో పొద్దున్నే స్పీడ్ బోటు ఎక్కి, చుట్టుపక్కల దీవులు చూసి సాయంత్రానికి తిరిగి రావడం. రెండు పెద్ద ఇంజన్లు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టెలో కూల్ డ్రింకులు, మధ్యాహ్నం ఒడ్డున కాల్చి పెట్టే చేప. దారిలో కోయిన్ ద మీర్ అనే కొండరాయి తగుల్తుంది, నీళ్ళలోంచి ఒక పక్కకి ఒరిగి లేచినట్టుంటుంది. దాని మీద తెల్లటి పొడుగు తోక పిట్టలు గూళ్ళు పెడతాయి. ఎయిర్ మారిషస్ విమానం తోక మీద ఉండే పిట్ట అదే. ఇంకొంచెం ముందుకి వెళ్తే రెండు దీవులు, మధ్యన గాజు పలకలాంటి లోతు లేని నీళ్ళు. పెద్ద దాని పేరు ఫ్లాట్ ఐలండ్, ఆరు వందల ఎకరాలకి పైనే ఉంటుంది. చిన్నది గేబ్రియల్, దరిదాపు నూరెకరాలు. పడవలు లంగరు వేసేది ఈ రెంటి మధ్యనే. గోదావరి వైపు వాణ్ణి కాబట్టి నాకు అలవాటైన మాటలో చెప్పాలంటే, ఇవి రెండు లంకలు.

ఫ్లాట్ ఐలండ్ మీద ఒక పాత లైట్ హౌసు ఉంది. 1855లో కట్టారు. రాతి గోడల శిథిలాలూ, సమాధులూ కూడా ఉన్నాయి. పర్యాటకులు చాలావరకు ఇసక దాటి లోపలికి వెళ్ళరు. వెళ్ళాల్సిన పనీ లేదు, టికెట్టు కొన్నది ఈతకీ చేపకీ. కానీ ఈ రెండు లంకల మీద జరిగినది తెలిసిన తరవాత ఆ నీళ్ళు మరోలా కనపడతాయి.

1854లో మారిషస్ లో కలరా వచ్చింది. వేల మంది పోయారు. కలకత్తా నుంచి కూలీలని తెచ్చిన ఓడలే రోగం తెచ్చాయని పోర్ట్ లూయీ జనం నమ్మారు, పత్రికలు రాశాయి. రెండేళ్ళయినా ఆ భయం పోలేదు. 1856 జనవరిలో హైదరీ, ఫతే ముబారక్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచే వచ్చాయి. ఓడల్లో జబ్బు ఉంది. రేవులోకి రానిస్తే ఊరుకోమని ఊరి జనం గొడవ. అప్పటి గవర్నరు హిగ్గిన్సన్ ఆ ఓడల్లోని వాళ్ళని గేబ్రియల్ దీవి మీద దింపించాడు. జనవరి అంటే అక్కడ తుపాన్ల రోజులు. నూరెకరాల బీడు మీద సరయిన నీడ లేదు, తగినన్ని నీళ్ళు లేవు, వైద్యం అంతంత మాత్రం. రెండు ఓడల్లో కలిపి వచ్చింది ఏడు వందల మంది లోపు. వాళ్ళలో దాదాపు మూడు వందల మంది ఆ ఇసక మీదే పోయారు. ఆ సంగతి హిందూస్థానం చేరాక, ఇక్కడి ప్రభుత్వం మారిషస్ కి కూలీలని పంపడం ఆపేసింది. చెరకు తోటల దొరలకి ముచ్చెమటలు పట్టాయి. ఫ్లాట్ ఐలండ్ మీద ఆసుపత్రీ, షెడ్లూ, సదుపాయాలూ చేస్తామని ఒప్పుకున్నాకే 1857లో మళ్ళీ ఓడలు కదిలాయి. ఆ తరవాత 1859 ఒక్క ఏడాదిలోనే 40,000 పైచిలుకు మంది దిగారు. మూడు వందల మంది పోవడం వల్ల జరిగిన మార్పు కొత్త షెడ్లు.

గేబ్రియల్ మీద పోయిన వాళ్ళు తెలుగువాళ్ళని నేను అనడం లేదు. కలకత్తా ఓడలు గనక ఎక్కువ మంది బీహారు వైపు వాళ్ళే అయి ఉంటారు. కానీ క్వారంటైను నియమం మద్రాసు ఓడలకి వేరుగా ఏమీ లేదు. ఓడలో జబ్బుంటే మనవాళ్ళయినా ఆ లంకల్లో దిగాల్సిందే. ఫ్రెంచి రచయిత లె క్లెజియో (2008లో నోబెల్ బహుమతి అందుకున్నాయన, మారిషస్ మూలాలున్నవాడు) 1995లో రాసిన ‘లా కారాంతెన్’ నవలకి ఫ్లాట్ ఐలండే రంగస్థలం. ఫ్రెంచి వాళ్ళు నవల రాసుకున్న చోటు మన సాహిత్యంలో ఎక్కడా నాకు తగల్లేదు.

ఇక మనవాళ్ళ సంగతి. మారిషస్ లో తెలుగువాళ్ళని ఒకప్పుడు ‘కోరంగీ’లు అనేవారు. బర్మాలోనూ అంతే. కోరంగి అంటే మన కాకినాడ పక్కన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటున్న రేవు. ఓడలు కట్టేవారు, బాగు చేసేవారు. ఇప్పుడు చిన్న పల్లె. 1839 నవంబరు తుపానులో రేవు కొట్టుకుపోయిందనీ, మూడు లక్షల మంది చనిపోయారనీ చాలాచోట్ల రాస్తారు. మూడు లక్షల అంకె నాకు మింగుడు పడదు. ఆ రోజుల్లో అక్కడ అంతమంది జనం ఎక్కణ్ణించి వస్తారు? అయితే రేవు పతనానికి ఆ ఉప్పెన పెద్ద దెబ్బ అన్నది నిజం.

తుపానుకి ముందే జనం కదలడం మొదలైంది. కోరంగికి కూతవేటు దూరంలో ఫ్రెంచి వాళ్ళ యానాం. అక్కణ్ణించి 1828లోనే పదిహేను మంది తెలుగు కూలీలని ఒప్పందం మీద బూర్బోఁ దీవికి, అంటే ఇప్పటి రీయూనియన్ కి, తీసుకెళ్ళారు. మారిషస్ లో ఒప్పంద కూలీల చరిత్ర అంటే అందరూ 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో దిగిన 36 మందితో మొదలుపెడతారు. నవంబరు 2 అక్కడ సెలవు రోజు కూడాను. దానికి ఆరేళ్ళ ముందే పక్క దీవిలో తెలుగు మాట వినిపించిందన్నమాట.

ఎందుకు వెళ్ళారు? 1832–33లో నందన కరువు. గుంటూరు జిల్లాలో జనం మూడో వంతు దాకా తుడిచిపెట్టుకు పోయారంటారు. ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా కట్టలేదు, కాటన్ దొర పని మొదలుపెట్టింది 1847లో. అటు పక్క మారిషస్ లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. చెరకు కొట్టేవాళ్ళు కావాలి. ఐదేళ్ళ ఒప్పందం, నెలకి ఐదు రూపాయల జీతం, బియ్యం, పప్పు, ఉప్పు. 1830ల చివరికే కోరంగి నుంచి పడవలు మారిషస్ వెళ్ళాయి. అన్యాయాలు బయటపడి 1839లో మొత్తం వలసలే ఆపేశారు. 1842లో మళ్ళీ అనుమతించాక దక్షిణాది వాళ్ళు ఎక్కువగా మద్రాసు మీదుగా వెళ్ళారు. 1834 నుంచి 1910 దాకా మారిషస్ చేరిన నాలుగున్నర లక్షల మందిలో సుమారు మూడో వంతు మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళు. తెరచాప ఓడలో నెల, నెలన్నర ప్రయాణం. లక్షన్నరకి పైగా జనం తిరిగి వెళ్ళారని లెక్క. మిగిలిన వాళ్ళ చెమటే పంచదార అయింది.

మా బోటి వాళ్ళం నలుగురం చేరితే ఒక జోకు వేసుకుంటాం: మనమూ కూలీలమే, హెచ్ వన్ బి కూలీలం అని. ఏజెంటు, ఒప్పందం, కంపెనీ మారడానికి లేకపోవడం, అన్నీ సరిపోతాయి కదా అని. ఆ జోకు నాకు ఇప్పుడు నోరారా రాదు. మారిషస్ తోటల్లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవారు. దానికి ‘డబుల్ కట్’ అని పేరు. 1867 చట్టం వచ్చాక ఒప్పందం పూర్తయిన పాత కూలీ కూడా ఫొటో అంటించిన టికెట్టూ పోలీసు పాసూ లేకుండా రోడ్డెక్కితే జైలే. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అనే ఆయన సాయంతో 9,401 మంది పాత కూలీలు గవర్నరుకి అర్జీ పెట్టుకున్నారు. దాని మీదే లండన్ నుంచి రాయల్ కమిషన్ వచ్చింది. మన దగ్గర వీసా ఆలస్యమైతే సెనేటరు ఆఫీసుకి ఈమెయిల్ కొడతాం. రెంటినీ ఒక గాటన కట్టకూడదు.

పోలిక ఉన్నది వేరే చోట. నేను డేటాబేసుల పని చేసి బతికేవాణ్ణి. పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ చూశాం. ఓడ దిగిన కూలీలు ఎక్కిన పదహారు రాతి మెట్లు అక్కడ ఇంకా ఉన్నాయి. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అక్కడ ఎక్కువసేపు నన్ను నిలబెట్టింది మెట్లు కాదు, రిజిస్టర్లు నడిచిన తీరు. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు. ఆ నంబరు కింద పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఎత్తు, ఒంటి మీద గుర్తులు, ఊరు, ఓడ, ఏ తోటకి పంపారు. 1860ల నుంచి ఫొటో కూడా. తరవాత పెళ్ళయినా, తిరిగి వెళ్ళినా, చచ్చిపోయినా అదే వరుసలో రాసేవారు. ఒక మనిషికి ఒక నంబరు, జీవితమంతా అదే. మేము ప్రైమరీ కీ అంటాం. అమెరికాలో దిగినప్పుడు మాకిచ్చిన ఐ-94 నంబరు అంత పకడ్బందీగా లేదు, వచ్చిన ప్రతిసారీ మారుతుంది.

ఆ నంబరు వేసింది మనిషి పారిపోకుండా పట్టుకోవడానికి, అందులో సందేహం లేదు. కానీ నూట యాభై ఏళ్ళ తరవాత అది ఇంకోలా పనికొచ్చింది. నతాషా అప్పన్న అని మారిషస్ లో పుట్టిన ఫ్రెంచి రచయిత్రి ఉంది. పూర్తి ఇంటిపేరు పత్తారెడ్డి-అప్పన్న, ఆ పేరు చాలు ఊరేదో ఊహించడానికి. 2003లో ఆమె మొదటి నవల కూలీల వలస గురించే. 2023లో వచ్చిన పుస్తకంలో తన వాళ్ళు 1872లో పదకొండేళ్ళ కొడుకుతో ఓడ దిగిన దగ్గర్నుంచీ చెప్పుకొచ్చింది. అక్కడి నుంచి ఆమె దాకా దారి ఆ నంబర్లే. సింహాద్రి అక్కడ ‘సిమాద్రీ’ అయ్యాడు, సన్యాసి ‘సనాసీ’ అయ్యాడు. గుమాస్తాకి వినపడినట్టు రాసుకున్నాడు. అయినా మనిషి దొరుకుతాడు.

ఇదే సమయంలో మా వాళ్ళు కాకినాడ వైపు పల్లెలోనే ఉన్నారు. తద్దినం మంత్రంలో మూడు తరాల పేర్లు చెప్తారు కాబట్టి మా తాతగారి తాత పేరు నాకు తెలుసు. ఆయన ఎత్తెంత, ముఖం ఎలా ఉండేది, ఏ ఏడు పోయాడు అన్నది చెప్పే కాగితం ఒక్కటి మా ఇంట్లో లేదు. ఊరొదిలి కూలికి పోయినవాడికి ఫొటో ఉంది, భూమి ఉన్నందుకు ఊళ్ళో ఉండిపోయినవాడికి లేదు.

కాగితాలే కాక మనుషులూ దాచుకున్నారు. అక్కడి తెలుగువాళ్ళు దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామ భజనం చేస్తారు. సింహాద్రి అప్పన్నకి పూజ చేస్తారు. అమ్మోరు పండగ చేస్తారు. ‘అమ్మవారు’ కాదు, ‘అమ్మోరు’. ఆ మాట ఒక్కటి చాలు, వీళ్ళ తాతలు విశాఖపట్నం, శ్రీకాకుళం, గోదావరి పల్లెల వాళ్ళని చెప్పడానికి. ఇంట్లో మాట్లాడేది క్రియోలే అయినా, ఉగాదికి దేశమంతా సెలవు. అమెరికాలో మన పిల్లలకి ఉగాది దగ్గరి శనివారానికి జరుగుతుంది.

స్పీడ్ బోటు విహారాలు ఇప్పుడు ఆ ప్రయాణానికి రెండో కొసన కూడా ఉన్నాయి. కాకినాడ నుంచి హోప్ ఐలండ్ కి పడవ మీద పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి రావచ్చు. గోదావరి తెచ్చిన ఇసకతో రెండు వందల ఏళ్ళ లోపు పేరుకున్న పొడుగాటి ఇసక తిన్నె అది, కాకినాడ రేవుకి అలల నుంచి అడ్డు. వెనకాల కోరంగి మడ అడవులు, 1978 నుంచి అభయారణ్యం. నీటి పిల్లులు, పక్షులు, ఒడ్డున గుడ్లు పెట్టే తాబేళ్ళు. అడవి బాగుంటుంది. పూర్వం ఈ మొగ దాటే ఓడలు మారిషస్ వెళ్ళేవి.

ఆఖరికి ఒక ప్రభుత్వ వ్యవహారం. 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము మారిషస్ జాతీయ దినానికి వెళ్ళినప్పుడు, అక్కడి భారత సంతతి వాళ్ళకి ఏడో తరం దాకా ఓ.సి.ఐ. కార్డు ఇస్తామని ప్రకటించారు. మా పిల్లలకి ఓ.సి.ఐ. రావడానికి నా పాత పాస్‌పోర్టు జిరాక్సు సరిపోయింది. వాళ్ళు ఏడు తరాలు వెనక్కి నడవాలి. నడిచే దారి మోకా పట్టణంలో, మహాత్మా గాంధీ ఇన్స్టిట్యూట్ లో భద్రపరచిన ఆ రిజిస్టర్లే. అందులో నంబరు, ఓడ పేరు, తండ్రి పేరు, గుమాస్తా చెవికి వినపడిన మన ఊరి పేరు.