కాకి కాని కాకి

చాలా భాషల్లో కాకి పేరు దాని గొంతులోంచే ఊడిపడింది. మన కాకి, కన్నడిగుల కాగె, తమిళుల కాక్కై, సంస్కృతంలోని కాకం, అన్నీ ఆ అరుపులే. అమరకోశం చెప్పిన కాకి పేర్లలో నాకు బాగా నచ్చింది ఆత్మఘోషం, తన పేరు తానే అరిచేది. ఇంగ్లీషువాళ్ళ రూక్ అనే పక్షి కూడా ఆత్మఘోషమే. పాత ఇంగ్లీషులో దాన్ని 'హ్రోక్' అనేవాళ్ళు. ఆ బొంగురు కూత ఇంకా పేరులో వినిపిస్తూనే ఉంది. చదరంగంలో మనం ఏనుగు అనే రూక్ వేరు. అది పారశీకుల 'రుఖ్', పక్షితో ఏ చుట్టరికమూ లేదు.

చిక్కల్లా అనువాదంలో. ఇంగ్లీషు నవలలో రూకులు వాలగానే చెయ్యి 'కాకులు' అని రాసేస్తుంది. ఒకే కుటుంబం కనక తప్పనలేం. కానీ రూక్ ఒళ్ళంతా నలుపు, ఈడొచ్చాక ముక్కు మొదట్లో ఈకలు పోయి పాలిపోయిన చర్మం బయటపడుతుంది. అంతకన్నా పెద్ద తేడా కాపురంలో ఉంది. మన కాకులు కలిసి తింటాయి, కలిసి గోల చేస్తాయి, రాత్రికి ఒకే చోట చేరతాయి; గూడు దగ్గరికొచ్చేసరికి మాత్రం సాధారణంగా ఎవరి సంసారం వాళ్ళదే. రూకులు గూళ్ళు కూడా పక్కపక్కనే కడతాయి, పొలాల మధ్య ఎత్తైన చెట్లమీద, ఏటేటా అక్కడే. ఆ చోటును రూకరీ అంటారు. ఆ మాట పెంగ్విన్లకూ సీళ్ళకూ పాకి, 19వ శతాబ్దంలో లండన్‌లోని సెయింట్ జైల్స్ లాంటి ఇరుకు పేదవాడలకూ అంటుకుంది. దాన్ని 'కాకిగూడు' అంటే తెలుగు పాఠకుడికి ఒంటి గూడే కనిపిస్తుంది.

మనవాళ్ళు కాకి పేరును ధారాళంగా పంచారు. నీటికాకీ కాకి కాదు, జెముడుకాకీ కాకి కాదు. రెండోది కోకిల బంధువు. (నీటికాకి విషయంలో ఐరోపావాళ్ళదీ ఇదే దారి: కార్మరెంట్ అనే మాటకు మూలం లాటిన్ 'సముద్రకాకి'.) కాకిబంగారం బంగారం కాదు, కాకిలెక్కలు లెక్కలు కావు. అలాంటప్పుడు నిజంగా కాకుల ఇంటిదైన రూక్‌కు ఆ పేరు ఎందుకివ్వకూడదు? ఇవ్వొచ్చు, గుర్తుకు ముందు ఒక మాట తగిలించి. జీవశాస్త్రవేత్త లిన్నేయస్ 1758లో దీనికి 'పంట ఏరుకునేది' అని లాటిన్ పేరు పెట్టాడు కదా అని 'ధాన్యకాకి'ని పుట్టించనక్కర్లేదు. వానపాములూ పురుగులూ కూడా దాని తిండే. చలికాలంలో కశ్మీరుదాకా దిగుతుంది గాని తెలుగు నేలకు రాదు, అందుకే ఊళ్ళో దానికి పేరు పుట్టలేదు. 'రూక్ కాకి' చాలు. రూకరీకి మాత్రం మన మాటే ఉంది, 'రూకుల తోపు' అని రాయండి.