రాగిరేకు, నోటిమాట, అచ్చుపుస్తకం: సీమ నీతి నడిచిన దారి

ఎలా బతకాలో చెప్పిన మాటల్లో ఏవి నిలుస్తాయి? దాచిపెట్టినవా, వాడుకలో ఉన్నవా? కడప, కర్నూలు ప్రాంత చరిత్రలో ఈ ప్రశ్నకు మంచి జవాబే దొరుకుతుంది.

తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టాడు. సంపద నిలకడలేనిదని, దేవుడి ముందు మనుషులంతా ఒకటేనని ఆయన అధ్యాత్మ సంకీర్తనలు పదేపదే చెబుతాయి. అవి రాగిరేకులకెక్కి తిరుమల గుడిలో చేరాయి. అయితే ఆ భద్రతే వాటిని మరుగున పడేసింది. 1922లో రేకులు వెలుగు చూసేదాకా వాటిలో చాలా భాగం జనానికి తెలియనే తెలియదు.

వేమనకు రాగిరేకులూ లేవు, గుడి అండా లేదు. ఆయన కాలం గురించి, పుట్టిన ఊరి గురించి పండితులు నేటికీ తేల్చుకోలేదు. కదిరి దగ్గరి కటారుపల్లెలో సమాధి ఉంది. ఆయన పద్యాలను బతికించింది వాటి కట్టుబడే. పద్యం ఆటవెలది. చాలావాటిలో మొదటి రెండు పాదాల్లో కళ్లెదుటి పోలిక, మూడో పాదంలో తీర్పు, నాలుగోది మకుటం. అక్షరం రానివాడికి కూడా రెండుసార్లు వింటే నోటికొస్తుంది. ఆ సులువులోనే ఒక చిక్కూ ఉంది. ఎవరికి తోచిన మాటకు వాళ్లు మకుటం తగిలించి వేమన ఖాతాలో వేసేశారు.

పోతులూరి వీరబ్రహ్మం మాట మరో దారిన పాకింది. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాస్తూ, రవ్వలకొండలో కాలజ్ఞానం రాశాడని చెబుతారు. తర్వాత కడప జిల్లా కందిమల్లాయపల్లెలో స్థిరపడ్డాడు. ప్రియశిష్యుడు సిద్ధయ్య దూదేకుల ముస్లిం. కులం అడగని గురువు కథ, భవిష్యత్తు చెప్పిన మాటలు కలిసి తత్వాలు పాడేవాళ్ల గొంతులో ఊరూరా తిరిగాయి.

1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన ఆంగ్లేయ అధికారి సి.పి. బ్రౌన్ తర్వాతి కాలంలో వేమన నోటిమాటను అచ్చులోకి తెచ్చాడు. పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో వెలువడ్డాయి. 1839 కూర్పులో అవి 1,164 అయ్యాయి. ఆ తర్వాతి ప్రచురణకర్తల చేతుల్లో లెక్క వేలకు చేరింది. కవి పోయి ఎన్నాళ్లయినా పద్యాలు పెరుగుతూనే వచ్చాయి!

చెప్పిన నీతిని చేసి చూపించినవాళ్లూ ఈ నేలమీద ఉన్నారు. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి ఆకలితో వచ్చినవాళ్లకు గంజి కేంద్రాలు నడిపి అన్నం పెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. జనం మాత్రం ఆయన్ను పాటల్లో నిలుపుకున్నారు. కరువు సీమలో దానం గురించిన మాట నీతిపాఠంగా కాక అనుభవంగా వినిపించేది ఇందుకే.

ఇరవయ్యో శతాబ్దంలో వేమనకు పెద్దపీట దక్కింది. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ అనంతపురంలో చేసిన ఉపన్యాసాలు ఆయన్ను సాహిత్య విమర్శ స్థాయిలో చర్చకు తెచ్చాయి. 1947లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో నాగయ్య వేమనగా తెరకెక్కాడు. 2006లో కడప విశ్వవిద్యాలయానికి యోగి వేమన పేరే పెట్టారు. బ్రౌన్ ఉన్న చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి పూనికతో గ్రంథాలయం వెలిసింది.

ఇంత గౌరవంలో ఒక నష్టమూ ఉంది. బడిపిల్లలకు చేరేది ఎక్కువగా ఓర్పు, మంచితనం, అభ్యాసం గురించిన వేమన. కులాన్ని, దొంగ గురువులను, రాతిపూజను నిలదీసిన వేమన పక్కకు జరిగాడు. నోటిమాటగా ఉన్నన్నాళ్లూ జనం పద్యాలు చేర్చారు, మార్చారు, కానీ పదును తీయలేదు. వేమనను ఇప్పుడు చదివేవాళ్లు మొదట వెతకాల్సింది పాఠ్యపుస్తకం వదిలేసిన పద్యాలనే.