లోతు సిరల రక్తపు గడ్డల నివారణ: నర్సు పాత్ర

శస్త్రచికిత్సతో మంచాన పడ్డ రోగి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టకుండా నర్సులు తీసుకునే జాగ్రత్తలివి. గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాంతకం కావచ్చు. పత్తి, మిరప పొలాల్లో పనిచేసే కూలీ తుంటి విరిగి గుంటూరు జీజీహెచ్ వంటి పెద్దాసుపత్రిలో చేరితే, మొదట ముప్పును అంచనా వేయడంలో వార్డు నర్సు పాత్ర కీలకం. వయసు, ఊబకాయం, క్యాన్సర్, గతంలో గడ్డలు వచ్చాయా అన్నవి అడుగుతారు. చీలమండలు ఆడించడం, వీలైనంత త్వరగా నడిపించడం, రక్తం గడ్డకట్టకుండా వైద్యులు రాసిన హెపారిన్ రకం ఇంజెక్షన్ వేళకు ఇచ్చి రక్తస్రావాన్ని గమనించడం వారి పనే. అన్నిటికన్నా కష్టమైనది రోగికి నీళ్లు తాగించేలా బంధువులను ఒప్పించడం. నీళ్లు తాగితే కుట్లకు చీము పడుతుందన్న నమ్మకం ఇంకా ఉంది. నిజానికి ఒంట్లో నీరు తగ్గితే ముప్పు పెరుగుతుంది. ఒక కాలే వాచినా, నొప్పి పెట్టినా నూనెతో మర్దన చేయకండి. వెంటనే నర్సుకు చెప్పండి.